నిస్తంత్రి పలుకనప్పుడు

పూర్వము మన పల్లెలలో పంచాయతీ అరుగు మీద ఒక రేడియో పెట్టె యుండెడిది. వార్తల వేళకు అది పలుకనిచో, చేరినవారిలో ఒకరు దానిని అరచేతితో చరచెడివారు. వేరొకరు ఏరియల్ తీగను కదలించెడివారు. మూడవవారు బ్యాటరీ అయిపోయినదని తేల్చెడివారు. అందరును తమ తమ తీర్పులు చెప్పిన పిదపగాని, స్విచ్చి వేసియున్నదో లేదో చూడవలెనను ఆలోచన ఎవరికిని కలుగదు. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రము వెలసిన నాటి శ్రోతలకు ఈ ముచ్చట క్రొత్త కాదు. కాలము మారినది, పెట్టె చిన్నదైనది, కాని పలుకని యంత్రము ముందు మన బుద్ధి పోవు దారి మాత్రము మారలేదు. ఇందుకు మా అనుభవమే నిదర్శనము.

కర్నూలు జిల్లాలో హంద్రి ఒడ్డున కోడుమూరు కలదు. ఈ ఏరు కర్నూలు వద్ద తుంగభద్రలో కలయును. పేరునకు ఏరే గాని, ఏడాదిలో పెక్కు నెలలు ఇసుకయే కానవచ్చును. సేద్యమునకు బోరు బావియే ఆధారము. బోరులో నీరు తగ్గినప్పుడు మోటారు ఆపకున్నచో అది కాలిపోవును. నీటిలో మునిగియుండు మోటారుకు చుట్టునున్న నీరే చలువ. ఆ నీరు లేక తిరిగినచో లోపలి తీగచుట్టలు వేడెక్కి మాడును. దానిని బోరులో నుండి పైకి తీయించి, మరల చుట్టించి, దింపించుటకు డబ్బుకు డబ్బు, దినములకు దినములు వ్యయమగును. ఈలోపల పైరు ఎండును.

ఊరి చివర నొక పెద్దాయన ఉల్లి సాగు చేయుచున్నారు. ఇంటికిని బోరునకును నడుమ సుమారు 300 మీటర్ల దూరము. రాత్రివేళ నీరు పడుచున్నదో లేదో చూచుటకు ఆయన టార్చి పట్టుకొని గట్ల వెంట పోవలసి వచ్చెడిది. పాములు తిరుగు దారి అది. ఆయనకు ఈ శ్రమ తప్పింపవలెనని మేము ఇద్దరు విద్యార్థులతో కలసి ఒక చిన్న సాధనము కట్టితిమి. గొట్టములో నీటిధార ఆగినంతనే బోరు వద్దనున్న నిస్తంత్రి మాడ్యూలు ఒక వార్త పంపును. ఇంటి వసారాలో ఎఱ్ఱదీపము వెలుగును. ఎవరో ఒకరు పోయి మోటారు ఆపుదురు. ఇదియే ఏర్పాటు.

వాడినది ఎన్‌ఆర్‌ఎఫ్ 24 ఎల్ 01 ప్లస్ అను చిప్పు గల మాడ్యూలు. నార్వే దేశపు నార్డిక్ సెమికండక్టర్ సంస్థ రూపొందించిన ఈ చిప్పు 2400 మెగాహెర్ట్జ్ మొదలు 2525 మెగాహెర్ట్జ్ వరకు 126 చానళ్లలో పలుకగలదు. ఒక్కసారికి 32 బైట్ల వార్త నంపగలదు. మన దేశములో 2400 నుండి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీని నిర్ణీత శక్తికి లోబడి లైసెన్సు లేకయే వాడుకొనుటకు 2005లో ప్రభుత్వము అనుమతించినది. కనుక చిప్పు పోగలిగినంత దూరము మనము పోరాదు. 82వ చానలు లోపల నిలుచుట మేలు. మేము 76వ చానలు, అనగా 2476 మెగాహెర్ట్జ్, ఎంచుకొంటిమి.

వేసవిలో ఆ సాధనము రెండుసార్లు దీపము వెలిగించి మోటారును కాపాడినది. పెద్దాయన దానికి కుంకుమ బొట్టు కూడ పెట్టినారు. వానలు పడి నడుమ చేనిలో కంది ఎదిగిన పిదప వార్తలు తప్పిపోవ నారంభించెను. కారణము లేకపోలేదు. ఈ తరంగముల పొడవు సుమారు పన్నెండు సెంటీమీటర్లు మాత్రమే. తడి ఆకులు వీనిని మ్రింగివేయును. అంతేగాక రెండు ఏరియళ్ల నడుమ చూపుగీత ఒక్కటి తెరపిగా నున్న చాలదు. 300 మీటర్ల దూరములో, నట్టనడుమ, ఆ గీత చుట్టును సుమారు 3 మీటర్ల మేర అడ్డు లేకుండవలెను. మేము గడలు ఎత్తు చేయుటకు మారుగా సులభమార్గము త్రొక్కితిమి. బయటి ఏరియలు, శక్తిని పెంచు ఆంప్లిఫయరు గల పెద్ద మాడ్యూలును తెచ్చి, బల్ల మీద కనిష్ఠశక్తితో పరీక్షించితిమి. చక్కగా పనిచేసినది. చేనిలో బిగించి గరిష్ఠశక్తికి మార్చితిమి. చీకటి పడుటచే అక్కడ పరీక్షింపక ఇంటికి మరలితిమి.

పది దినములు ఎఱ్ఱదీపము వెలుగలేదు. అందరును సంతోషించితిమి. పదునొకండవ నాటి ఉదయమునకు మోటారు మాడియుండెను.

పెద్దాయన కోపగించుకొనలేదు. "దీపం వెలగకుంటే నీళ్లు బాగ పడతాండాయనుకుంటిమి గదా సార్. పెట్టె నోరు పడిపోయిందని మాకెట్ల తెలుస్తాది?" అని మాత్రము అడిగినారు. ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానము లేదు. మోటారు చుట్టించిన ఖర్చులో మా వంతు మేము భరించితిమి; వాడిన ఉల్లికి ఏమి భరింపగలము?

ఇక దోషాన్వేషణ. మొదట మేము చేసినది ఆ పంచాయతీ అరుగు మీది పనియే: మాడ్యూలు చెడినదని నిశ్చయించి మరియొకటి బిగించితిమి. అదియు పలుకలేదు. మూడవది తెచ్చితిమి. అదియు మూగయే. వేర్వేరు మాడ్యూళ్లు ఒకే తీరున మౌనము వహించినప్పుడు, దోషము వానిలో కాక వానికి మనము పెట్టిన కాపురములో ఉన్నదేమోనని తలంపవలెను. అప్పుడు గాని మేము వరుసక్రమమున ప్రశ్నించుటకు పూనుకొనలేదు.

మొదటి ప్రశ్న: మాడ్యూలు తన ప్రక్కనున్న కంట్రోలరుతోనైన మాటాడుచున్నదా? ఆకాశములోనికి పలుకుట తరువాతి మాట. ఈ చిప్పులో రిజిస్టర్లను చిన్న గూళ్లు గలవు. కరెంటు ఇచ్చిన వెంటనే స్టేటస్ గూడును చదివినచో 14 అను సంఖ్య రావలెను. ఎల్లప్పుడు 0 గాని 255 గాని వచ్చుచున్నచో తీగలు తప్పినవని శంకింపవలెను. వెనుకవైపు నుండి చూచి బిగించినచో ఎనిమిది పిన్నులును ఎడమ కుడిగా తారుమారగును. మాకు 14 వచ్చినది. తీగలు సరిగానే యున్నవి.

రెండవ ప్రశ్న: ఉభయులును ఒకే మాట మీద నున్నారా? చానలు, వేగము, చిరునామా, వార్త పొడవు, తప్పులను పట్టు సి.ఆర్.సి. ఏర్పాటు, ఇవి రెండువైపుల ఒకటిగా నుండవలెను. వీనిలో ఏ యొక్కటి భేదించినను పరస్పరము వినబడదు. అవియు సరిపోయినవి.

మూడవ ప్రశ్న: ఆహారము చాలుచున్నదా? ఈ చిప్పునకు 1.9 మొదలు 3.6 వోల్టుల వరకు కావలెను. 5 వోల్టులు ఇచ్చినచో చచ్చును. మీటరుతో కొలచితిమి. 3.3 వోల్టులు నిలకడగా చూపినది. తృప్తిపడితిమి. మేము మోసపోయినది ఇచ్చటనే.

విద్యార్థులలో చిన్నవాడు ఒక యుక్తి చెప్పినాడు. వార్త పంపక ముందు చానలు గూటిలో 76 వ్రాసినాము గదా, పంపిన పిదప దానిని మరల చదివి చూతమనినాడు. చదివితిమి. 76 లేదు, 2 ఉన్నది! ఆ 2 ఎవరు వ్రాసినారు? చిప్పు క్రొత్తగా మేల్కొన్నప్పుడు ఆ గూటిలో తనంతట నుండు సంఖ్యయే 2. అనగా వార్త పంపబోయిన ప్రతిసారియు చిప్పు స్పృహ తప్పి, పూర్వస్మృతి పోగొట్టుకొని, మరల మేల్కొనుచున్నది. అట్లు మేల్కొన్న చిప్పు మనము ఆజ్ఞాపించు వరకు నిద్రావస్థలోనే యుండును. అడిగినచో 14 అని జవాబు చెప్పును; ఆకాశములోనికి మాత్రము ఒక్క మాటయు పలుకదు.

కారణము తేటతెల్లమైనది. చిన్న మాడ్యూలు పూర్ణశక్తితో పలుకునప్పుడు సుమారు 11 మిల్లీ ఆంపియర్లు మాత్రమే తీసికొనును. ఆంప్లిఫయరు గల పెద్దది నూరు మిల్లీ ఆంపియర్లకు పైగా కోరును. మేము దానిని ఆర్డువినో ఊనో బోర్డులోని 3.3 వోల్టుల పిన్నునకు తగిలించితిమి; ఆ పిన్ను ఇయ్యవలసినది 50 మిల్లీ ఆంపియర్లకు మించరాదు. పలుకబోవు క్షణమున వోల్టేజి కూలును, పలుకు ముగియకయే చిప్పు మూర్ఛిల్లును, వోల్టేజి మరల లేచును. ఒక వార్త పట్టుకాలము సెకనులో వేయింట ఒకటి రెండు వంతులే యగుటచే, నెమ్మదిగా కదలు మీటరు ఆ పల్లమును చూపజాలదు. బల్ల మీద కనిష్ఠశక్తితో పరీక్షించినందున అచ్చట ఈ చిక్కు రాలేదు. మూడు మాడ్యూళ్లలో ఒక్కటియు చెడలేదు.

చికిత్స స్వల్పము. 3.3 వోల్టుల రెగ్యులేటరు నొకదానిని వేరుగా అమర్చితిమి. మాడ్యూలు పిన్నులకు ఆనుకొని 100 మైక్రోఫారడ్ల కెపాసిటరును, దాని ప్రక్క 0.1 మైక్రోఫారడ్ దానిని అతికించితిమి. కెపాసిటరుపై గీత గల కాలు రుణధ్రువము; తారుమారు చేయరాదు. వేగమును సెకనుకు 250 కిలోబిట్లకు తగ్గించితిమి. నిదానముగా పలికిన మాట దూరమునకు వినబడును. ఏరియలును ఇనుప స్టార్టరు పెట్టె వెలుపల, గడపై కంది తలల కెగువగా నిలిపితిమి. ఇట్టి పెద్ద మాడ్యూళ్లు రెంటిని ఒకే బల్లపై పూర్ణశక్తితో పరీక్షింపరాదు, చెవిలో అరచినచో మాట తెలియదు గదా! ఏరియలు లేక పలికించుటయు తగదు. స్టార్టరు పెట్టెలో మూడు ఫేజుల కరెంటుండును. దాని పని తెలిసిన ఎలక్ట్రీషియనుకే వదలవలెను.

అయినను పెద్దాయన ప్రశ్న అట్లే మిగిలినది. పెట్టె నోరు పడిపోయినదని తెలియుటెట్లు? మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. మేమును మా సాధనమును ఆ లోకోక్తి ననుసరించియే కట్టితిమి. నీరు పడుచున్నను మౌనమే, యంత్రము చచ్చినను మౌనమే. ఈ రెండు మౌనములకును భేదము చూపని సాధనము, ఎన్ని మంచి చిప్పులు పెట్టినను, కీడే చేయును. ఇప్పుడు బోరు వద్దనున్న పెట్టె నిమిషమునకొకసారి "నేనున్నాను, నీరున్నది" అని చెప్పును. మూడు నిమిషములు ఆ మాట వినరానిచో వసారాలో పసుపుదీపము వెలిగి గంట మ్రోగును. వార్త పంపిన ప్రతిసారియు చానలు గూటిని చదివి, 76 కానిచో చిప్పునకు పాఠము మొదటి నుండి చెప్పునట్లు ఏర్పరచితిమి. అన్నిటిని మించి, నీరు లేనప్పుడు మోటారును తానే ఆపు రిలేను స్టార్టరు వద్దనే పెట్టించితిమి. వార్తాహరుని కావలివానిగా నియమింపరాదని ఆలస్యముగా తెలిసికొంటిమి.

నిస్తంత్రి పనులలో అభిరుచి గల యువకులకు మేము విన్నవించునది ఇంతే. పలుకని మాడ్యూలును పారవేయుటకు ముందు దానిని వరుసగా ప్రశ్నింపుడు. బల్ల మీద కాదు, అది కాపురముండు చోట, అది చేయు పూర్తి పని చేయించుచు ప్రశ్నింపుడు. ఒక్కొక్క మార్పే చేసి ఫలితము వ్రాసికొనుడు.

మొన్న ఒక రాత్రి పసుపుదీపము వెలిగి గంట మ్రోగినది. పోయి చూడగా ఎలుక తీగ కొరికియున్నది. మోటారు క్షేమము. మరునాడు పెద్దాయన మమ్ము చూచి, "నోరు పడిపోయిందని అదే చెప్పింది సార్" అనినారు. ఈ మారు ఆయన పెట్టెకు బొట్టు పెట్టలేదు. దినమున కొకసారి మీట నొక్కి దానిని పరీక్షించు అలవాటు మాత్రము చేసికొనినారు. మాకు అదియే మేలనిపించినది.