తల్లిగారింటికి పోవు గర్భవతి వెంట నుండవలసిన పత్రము



మన నల్లగొండ, పాలమూరు సీమలలో తొలి కాన్పునకు ఆడుబిడ్డను తల్లిగారింటికి తోడ్కొని పోవుట తరతరముల మర్యాద. చీర, గాజులు, ఒడిబియ్యము, వీనిలో నేదియు మరువము. ఆమె రక్తపరీక్షా పత్రము మాత్రము అత్తగారింటి పెట్టెలో మిగిలిపోవును. నేడు మేము ప్రస్తావింపదలచినది ఆ కాగితమునే.

తల్లికి హెచ్.ఐ.వి. యున్నచో, చికిత్స లేనప్పుడు గర్భమునందును, కాన్పువేళను, చనుబాల వలనను నూటికి 15 మొదలు 45 మంది బిడ్డలకు అది సంక్రమింపవచ్చును. సకాలమున మందులు వాడినచో నా సంఖ్య 5 కంటె తక్కువకు దిగును. మొదటి దశలో మన దేశమున నొప్పులవేళ తల్లికొక నెవిరపిన్ మాత్రయు, పుట్టిన బిడ్డకు కొన్ని చుక్కలును ఇచ్చుచుండిరి. 2014 నుండి వ్యాధి తెలిసిన ప్రతి గర్భవతికిని వెంటనే ఏ.ఆర్.టి. మందులు ప్రారంభించి జీవితాంతము ఉచితముగా నిచ్చు పద్ధతి వచ్చినది. బిడ్డకు కనీసము ఆరు వారములు మందు పోయవలయును. పదునెనిమిదవ నెలలో కడపటి పరీక్ష జరుగును.

పరీక్ష లేకయే నొప్పులతో వచ్చిన స్త్రీకిని వ్రేలికొన నెత్తురుబొట్టుతో కొలది నిమిషములలో పరీక్ష చేయవచ్చును. కాని అప్పటికి నెలలకొలది మందు వాడవలసిన కాలము గడచిపోయి యుండును. ఇక, మందులు వాడుచుండియు వదినలు చూతురను భయముచే తల్లిగారింట మాత్రలు మానిన ఆడుబిడ్డ గతి యేమి?

పురుషులు ఇది స్త్రీల సంగతి యని లేచిపోవలదు. భివండికి, సోలాపురమునకు మగ్గముల పనికి పోయి పండుగలకు వచ్చువారు మనలో ననేకులు. గర్భవతి గనుక భార్యకే ముందు పరీక్ష జరుగును. ముందు బయటపడినది గనుక నిందయు నామె నెత్తినే పడును. వ్యాధి యెవరినుండి యెవరికి వచ్చెనో ఆ పరీక్ష చెప్పజాలదు. భర్తయు ఆమెతోపాటే పరీక్ష చేయించుకొనవలయును.

2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న చట్టము ప్రకారము సమ్మతి లేక ఈ పరీక్ష చేయరాదు, ఫలితమును వెల్లడింపరాదు. కావున కులపెద్దలకు గాని, సంఘ కార్యదర్శులకు గాని ఆ పత్రము చూపుమని యడుగు నధికారము లేదు. అది ఆమె చేతనే యుండవలయును, కాన్పు చేయు వైద్యులకే చూపవలయును. మందులు వాడువారు ప్రయాణమునకు ముందే తమ ఏ.ఆర్.టి. కేంద్రమున చెప్పినచో, తల్లిగారి ఊరికి సమీప కేంద్రమున మందులందు నేర్పాటు చేసికొనవచ్చును.

ఏ గర్భవతియైనను ఆసుపత్రికి పోవుటకు బండిఖర్చు కోరినచో, కారణ మడుగక సంఘనిధి నుండి ఇయ్యవలెనని తీర్మానమును ఈ సభ యెదుట ప్రవేశపెట్టుచున్నాము. బలపరుప వేడుచున్నాము.