అరికాలు కూడా చూసుకోండి

అలిపిరి నుంచి చెప్పుల్లేకుండా తిరుమల కొండెక్కుతాం. దిగాక కాళ్లు పట్టించుకుంటాం. అరికాలు మాత్రం చూసుకోం. అక్కడా చర్మ క్యాన్సర్ రావచ్చని అనుకోం.

చర్మ క్యాన్సర్ తెల్లతోలు వాళ్ల జబ్బని చాలామంది అనుకుంటారు. మనకూ వస్తుంది. అరుదే, కానీ వస్తుంది. మెలనోమా అనే ప్రమాదకరమైన రకం మనవాళ్లలో తరచుగా అరికాల్లో, గోరు కింద కనిపిస్తుంది. కొండ నడిస్తే వస్తుందని భయపడకండి, దానికీ దీనికీ సంబంధం ఉందని రుజువు కాలేదు. ఇంకో రకం చర్మ క్యాన్సర్ పాత కాలిన మచ్చల మీద, ఏళ్లతరబడి మానని పుండ్లలో పుడుతుంది.

ఇక ఖర్చు మాట. తొందరగా పట్టుకుంటే చాలావరకు చిన్న ఆపరేషన్‌తో సరి. ముదిరితే, క్యాన్సర్‌తో పోరాడేలా ఒంట్లో రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందులు అవసరం కావచ్చు. వాటి ఖర్చు లక్షల్లోకి పోతుంది.

ఒకప్పుడు మనవైపు జనం వేలూరుకో చెన్నైకో బండెక్కేవాళ్లు. ఇప్పుడు తిరుపతిలోనే స్విమ్స్ ఆస్పత్రి ఉంది. టాటా ట్రస్ట్స్ 2018లో శంకుస్థాపన చేసి కట్టిన క్యాన్సర్ ఆస్పత్రీ ఉంది. ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్, కీమో ఉన్నాయి. ఖరీదైన కొత్త మందుల సంగతి మాత్రం ఆస్పత్రిలో ఉండే ఆ పథకం సిబ్బందిని ముందే అడగండి.

గమనించాల్సినవి ఇవి: పెరిగే మచ్చ, మానని పుండు. మళ్లీ చెబుతున్నా: పెరిగే మచ్చ, మానని పుండు. పసర్లు పూస్తూ కూర్చోకండి, ఈ వారమే చర్మవైద్యుడికి చూపించండి.