ఇంట్లో బీరు - తొందరపడే ఈస్టు
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో బీరు గురించి ప్రసంగమేమిటని కొందరికి నవ్వు రావచ్చు. మనలో చాలామంది పిల్లలు ఇంగ్లండులో స్థిరపడ్డారు. వారి దగ్గరికి వెళ్ళినప్పుడు గ్యారేజీలో మూత పెట్టిన బకెట్టు, దాని పక్కన ఖాళీ సీసాల వరుస కనబడితే కంగారు పడకండి. అక్కడ ఇంటి వాడకానికి బీరు కాచుకోవడం నేరం కాదు. 1880లో గ్లాడ్‌స్టన్ పెట్టిన లైసెన్సు నిబంధనను 1963 బడ్జెట్టులో ఆర్థికమంత్రి మాడ్లింగ్ తీసివేశారు. అమ్మకూడదు, అంతే. మన రాష్ట్రాలలో మాత్రం లైసెన్సు లేకుండా తయారు చేస్తే ఎక్సైజు చట్టం ఒప్పుకోదు. కనుక నేను చెప్పేది తెలుసుకోవడానికే, ఇక్కడ చేయడానికి కాదు.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి తీసిన తియ్యని రసాన్ని హాప్స్ పువ్వులతో మరగబెట్టి, 20 డిగ్రీలకు చల్లార్చి ఈస్టు చల్లుతారు. తాటికల్లులో గాలిలోని ఈస్టే పని చేస్తుంది. ఇక్కడ మనం ఎంచుకున్న ఈస్టు వేయాలి. ఇంగ్లీషు ఏల్ రకం పొడి ఈస్టు, ఉదాహరణకు సాఫేల్ ఎస్-04, పదకొండున్నర గ్రాముల ప్యాకెట్టులో వస్తుంది. అందులో ఆరువేల కోట్లకు పైగా జీవకణాలు ఉంటాయి. 23 లీటర్ల రసానికి ఒక ప్యాకెట్టు చాలు.

ఈ ఈస్టుకు రెండు గుణాలున్నాయి. మొదటిది వేగం. సాయంత్రం చల్లితే మర్నాటికి నురగ కడుతుంది, మూడు నాలుగు రోజుల్లో పొంగు తగ్గిపోతుంది. రెండవది, పని అయ్యాక కణాలు ఒకదానికొకటి అంటుకుని అడుగున గట్టి మడ్డిగా దిగిపోవడం. అందువల్ల పైన బీరు త్వరగా తేరుకుంటుంది. పులిసేటప్పుడు బకెట్టు తనంత తానే వేడెక్కుతుంది కనుక చల్లని చోట ఉంచాలి. వేడి మితిమీరితే వాసన, రుచి చెడతాయి.

అసలు ప్రమాదం ఈ వేగంలోనే ఉంది. తేరుకున్న బీరును చూసి పని అయిపోయిందనుకుంటారు. ఈస్టు త్వరగా అడుగుకు దిగిపోతే కొంత చక్కెర పులియకుండా మిగిలిపోవచ్చు.

మా అల్లుడుగారు నాలుగవ రోజున సీసాలలో పోద్దామన్నారు. నేను ప్రయోగశాలలో పనిచేసినవాణ్ణి. "కొలిచారా బాబూ?" అని అడిగాను. హైడ్రోమీటరు వేసి చూస్తే 1.016. మొదటిరోజు 1.040 ఉండేది. బకెట్టును కాస్త వెచ్చని గదిలోకి మార్చాం. మరి మూడు రోజులకు 1.010కి దిగింది. తర్వాత రెండు రోజులు చూసినా అంతే. అప్పుడు సీసాలలో పోశాం.

లెక్క చూడండి. సీసాలో గ్యాసు పుట్టడానికి లీటరుకు ఐదారు గ్రాముల పంచదార కలుపుతారు. 1.016 దగ్గరే మూత బిగించి ఉంటే, దానికి తోడు లీటరుకు దాదాపు 12 గ్రాముల చక్కెర లోపలే పులిసేది. అంటే గ్యాసు మూడింతలు. గాజుసీసా పగలడానికి అది చాలు. పిల్లలు తిరిగే ఇంట్లో గాజుముక్కలు ఎగరడమంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆగడంవల్ల ఇంకొక మేలు కూడా ఉంది. పులిసేటప్పుడు వెన్నవాసన గల పదార్థమొకటి పుడుతుంది. చివరి రెండు మూడు రోజుల్లో ఈస్టే దానిని తిరిగి పీల్చుకుంటుంది. తొందరపడితే ఆ వాసన బీరులోనే ఉండిపోతుంది.

కనుక మీ పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పండి: క్యాలెండరు చూసి, నురగ చూసి సీసా బిగించవద్దు. వరుసగా రెండు మూడు రోజులు హైడ్రోమీటరు ఒకే అంకె చూపాలి. పంచదారను తూచే వేయాలి. పగుళ్ళున్న సీసా, పలుచని సీసా వాడరాదు.

తాగమని నేను ఎవరికీ చెప్పడం లేదు. బి.పి., షుగరు మందులు వాడే మనవంటివారు డాక్టరును అడగనిదే ముట్టరాదు. అయితే పిల్లల ఇంట్లో జరిగే పనిని ముఖం చిట్లించి చూసేకంటే, తెలుసుకుని ఒక మంచిమాట చెప్పగలిగితే పెద్దరికం నిలుస్తుంది.