పాసైనవారి లెక్క, చేరినవారి లెక్క
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని మాకు పురమాయించారు. ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. ఇల్మ్ కావాలని అందరం తలూపి, దావత్ తిని ఇళ్ళకు పోతున్నాం. అందుకే ఈ యేడు ఉపన్యాసం కట్టిపెట్టి, మన పల్లెల్లో సర్కారు బళ్ళు ఎట్లా నడుస్తున్నాయో చూద్దామనుకున్నాం.

ముందు మంచిమాట. పదో తరగతి ఫలితాల్లో 2023లో నిర్మల్ జిల్లా రాష్ట్రంలో మొదటిది. 2024లోనూ అదే మొదటిది, 99.05 శాతంతో. ఆ యేడు రాష్ట్రం మొత్తమ్మీద పాసైనవారు 91.31 శాతం. మూడో స్థానం మన పాత కరీంనగర్ లోంచి వేరుపడిన రాజన్న సిరిసిల్లకు దక్కింది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆదిలాబాద్‌లో చదవను రాయను వచ్చినవారు నూటికి 61 మంది, కరీంనగర్‌లో 64 మంది. అటువంటి చోట ఈ ఫలితం రావడం చిన్న సంగతి కాదు. ఆ శాతంలో ప్రైవేటు బళ్ళూ కలిసే ఉన్నాయి, నిజమే. అయినా పొద్దున ఒక క్లాసు, సాయంత్రం ఒక క్లాసు అదనంగా చెప్పిన జిల్లా పరిషత్ బడి సార్లకు, మేడంలకు సలాం చెయ్యకుండా ముందుకు పోవడం న్యాయం కాదు.

అయితే ఈ శాతం ఎట్లా కడతారు? పరీక్షకు కూర్చున్నవారిలో పాసైనవారిని లెక్కిస్తారు. కూర్చోనివారి మాట ఆ లెక్కలో రాదు.

మేము ముగ్గురం ఒక మండలంలో బళ్ళు చూడబోయాం. ఒక చిన్న ఉర్దూ ప్రాథమిక పాఠశాల. హెడ్మాస్టరుగారు మంచివారు, పాత దాఖలా రిజిస్టరు తీసి ముందుపెట్టారు. పదేళ్ళ కిందట ఒకటో జమాత్‌లో చేరినవారి పేర్లు ఒక్కొక్కటే చదివి, ఇప్పుడెక్కడున్నారని అడిగాం. ఒకడు మెకానిక్ షెడ్డులో ఉన్నాడు. ఇంకొకడు వెల్డింగ్ నేర్చుకుంటున్నాడు, పాస్‌పోర్టు వచ్చీ రాగానే దుబాయి పోతాడట. ఒకమ్మాయి తల్లితో కూర్చుని బీడీలు చుడుతున్నది. ఒకమ్మాయికి నిశ్చయమైంది. వీళ్ళెవరూ ఫెయిల్ కాలేదు, ఏ పరీక్షలోనూ తప్పలేదు. ఐదో జమాత్ అయ్యాక టి.సి. తీసుకున్నారు, అంతే.

ఎందుకాగిపోయారు? ఆ బడిలో ఐదు వరకే ఉంది. ఆ మండలంలో ఉర్దూ హైస్కూలు లేదు. పక్కనే హైస్కూలుంది గాని అక్కడ చెప్పేది తెలుగులో. 2022-23 నుంచి సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం మొదలైంది. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా సారు వివరించేది తెలుగులోనే. ఐదేళ్ళు ఉర్దూలో చదివిన పిల్ల ఆరో తరగతిలో వెనక బెంచీలో కూర్చుంటుంది, రెండు నెలలు చూస్తుంది, మూడో నెల రాదు. విద్యాహక్కు చట్టం కింది నిబంధనలు ప్రాథమిక బడి 1 కిలోమీటరులో, ప్రాథమికోన్నత బడి 3 కిలోమీటర్లలో ఉండాలంటాయి. కిలోమీటర్లు కొలిచారు. సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధించాలని ఆ చట్టంలోనే ఉన్న మాటను మాత్రం ఎవరూ కొలవలేదు.

ఈ సమస్య మనొక్కరిదే అనుకోకండి. మన ఆదిలాబాద్ అడవుల్లోనే, మార్లవాయిలో, 1943లో హైమెన్‌డార్ఫ్ దొర గోండు టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండు పిల్లలకు గోండీలోనే వాచకాలు తయారు చేయించాడు. ఇంటిభాషలో మొదలుపెట్టి మెల్లగా పెద్ద భాషకు దారి చూపాలన్న తెలివి ఆనాడే ఈ నేల మీద ఉంది. మన పిల్లలకు మొదలు ఉంది, మధ్యలో వంతెన లేదు.

ఉర్దూ టీచరు పోస్టుల సంగతీ చెప్పాలి. రోస్టరు ప్రకారం కొన్ని వర్గాలకు కేటాయించిన పోస్టులకు ఉర్దూ వచ్చిన అభ్యర్థులు దొరక్క అవి ఖాళీగా మిగులుతున్నాయి. ఏళ్ళ తరబడి ఇదే చిక్కు. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది, సంతోషం. కాని బోర్డు మీది ఉర్దూ పిల్లకు లెక్కలు చెప్పదు కదా!

2016 నుంచి మైనారిటీ గురుకులాలొచ్చాయి, రాష్ట్రంలో 204. ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయి. ఇవి మేలే చేశాయి. అయితే పిల్లను హాస్టల్లో ఉంచడానికి మనసొప్పని ఇళ్ళు మనలో ఎన్ని లేవు? ఇక్కడ తప్పు సర్కారు మీద వెయ్యలేం. బీడీ ఆకుల తట్ట ముందు పదకొండేళ్ళ పిల్లను కూర్చోబెట్టింది మనమే.

ఇంకొక్క మాట. విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలంది, మొత్తంలో సగం మంది ఆడవారు. మేము చూసిన బడి కమిటీలో మనవారి పేర్లున్నాయి, సంతకాలున్నాయి. మీటింగులో ఏం మాట్లాడారమ్మా అని ఒక తల్లినడిగితే, "నేను కమిటీలో ఉన్నానా భాయ్?" అని మమ్మల్నే ఎదురడిగింది.

జూన్ 12న బళ్ళు తెరుస్తారు. అంతకుముందు బడిబాట నడుస్తుంది. ఆలోపు ఐదో జమాత్ పూర్తిచేసిన మన పిల్లల జాబితా ఊరూరా తయారు చెయ్యాలనుకున్నాం. ఒక్కొక్క పేరుకూ ఎదురుగా ఆరో తరగతి బడి పేరు రాసేదాకా ఆ పుస్తకం మూయం. తెలుగు హైస్కూల్లో చేరే పిల్లలకు వేసవి సెలవుల్లో రోజుకో గంట తెలుగు చెప్పేందుకు డిగ్రీ చదివిన మన అమ్మాయిలు ఇద్దరు ముందుకొచ్చారు. ఇంకా కావాలి. నోటుబుక్కు బయట చందాల టేబులు పక్కనే ఉంది. చందా రాసి వెళ్ళేవారు, మీ వాడలో ఐదో జమాత్ పిల్లలెవరున్నారో ఆ పేర్లు కూడా అందులో రాసి వెళ్ళండి.