తూము తెరచుకొనని చెరువు

(వర్తూరున మన సంఘ సమావేశమందు చేసిన ప్రసంగ పాఠము)



కొలెస్టరాల్ అను మాట వినగానే మనకు గుండెపోటు జ్ఞప్తికి వచ్చును. అది సగము నిజము మాత్రమే. ఆ కొవ్వు పదార్థమే లేకున్నచో మనుష్యుడు చిన్న జ్వరమునకు సైతము తాళజాలడు. ఆ రెండవ సగమును నేడు మనవి చేసెదను.

మూత్రపిండములపై టోపీలవలె రెండు గ్రంథులు కలవు. వీనిని అధివృక్క గ్రంథులందురు. ఒక్కొక్కటి 4, 5 గ్రాముల తూకముండును. జ్వరము, గాయము, శస్త్రచికిత్స, భయము – ఏ ఆపద వచ్చినను మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి రక్తము ద్వారా వీనికి ఆజ్ఞ పంపును. అంతట నివి కార్టిసాల్ అను హార్మోనును విడుదల చేయును. రక్తపు పోటు పడిపోకుండ, రక్తములో చక్కెర తగ్గకుండ కాపాడునది ఇదియే. ఈ గ్రంథులందే పుట్టు ఆల్డోస్టిరోన్ దేహమున ఉప్పును నిలుపును.

విశేషమేమనగా, గ్రంథి కార్టిసాల్‌ను ముందుగా చేసి దాచుకొనదు. దాచుకొనునది ముడిసరుకైన కొలెస్టరాల్‌ను మాత్రమే. ఆజ్ఞ అందిన కొలది నిమిషములలో హార్మోను తయారు కావలెను. కనుక ఇచట రవాణాయే ప్రధానము.

ఆ రవాణా రెండు మజిలీలుగా సాగును. మొదటిది రక్తము నుండి కణములోనికి. కణముపైనున్న గ్రాహకములు కొలెస్టరాల్‌ను మోయు కణికలను పట్టి లోనికి తీసికొనును. ఈ మార్గమును కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అను శాస్త్రజ్ఞులకు 1985లో నోబెల్ బహుమానము లభించెను. కొంత కొలెస్టరాల్‌ను కణము తానే చేసికొనును.

రెండవ మజిలీ కష్టతరమైనది. కణములోని మైటోకాండ్రియాకు రెండు పొరలు కలవు. హార్మోను తయారీకి నాంది పలుకు ఎంజైము లోపలి పొరయందుండును. పొరల నడుమ నున్నది నీరు. కొవ్వు తనంతట తాను దానిని వేగముగా దాటజాలదు. దాటించు ప్రోటీనును 1994లో అమెరికాలోని టెక్సాసున క్లార్క్, స్టాకో ప్రభృతులు గుర్తించి, దానికి స్టార్ అని పేరిడిరి.

వర్తూరు వారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. బెళ్ళందూరు చెరువు పొంగి మన చెరువునకు నీరు చేరును. కాని చెరువు నిండినంత మాత్రమున పొలము తడియదు, తూము తెరువవలెను. తూము మూసికొనిపోయినచో పొలము ఎండును, చెరువు నిండి కట్టకు ముప్పు వచ్చును. స్టార్ ప్రోటీను అట్టి తూము. దాని జన్యువు చెడిన శిశువులలో కొలెస్టరాల్ గ్రంథి నిండ పేరుకొని దానినే పాడుచేయును. హార్మోను మాత్రము పుట్టదు. ఈ సంగతిని 1995లో వాల్టర్ మిల్లర్ బృందము నిరూపించెను. అట్టి బిడ్డ వాంతులతో, దేహములోని ఉప్పు పోయి, నీరసించి, చికిత్స లేనిచో మరణించును. వ్యాధి అరుదైనది. సకాలమున గుర్తించి హైడ్రోకార్టిజోన్‌ను, ఉప్పును నిలుపు మందును జీవితాంతము ఇచ్చినచో బిడ్డ బ్రతుకును.

ఈ సభలో దీనిని ప్రస్తావించుటకు కారణము కలదు. తల్లిదండ్రులిరువురును ఆరోగ్యవంతులే అయినను, ఇరువురియందును లోపించిన జన్యువొకటి దాగియున్నచో ప్రతి కాన్పునకును నాలుగింట ఒక వంతు ప్రమాదముండును. రక్తసంబంధీకులకు అట్టి జన్యువు ఉమ్మడిగా నుండు అవకాశము హెచ్చు. పరభాషా ప్రాంతమున స్థిరపడిన మనము మేనరికములను, మేనమామ సంబంధములను ఆదరించితిమి. పెద్దలను నిందించుట నా ఉద్దేశము కాదు. కాని వంశములో పసికందులు వాంతులతో తొలి వారములలోనే పోయి యుండినచో, బాలారిష్టమని సరిపెట్టుకొనక వైద్యునకు చెప్పుడు. సంబంధము ఖాయపరచుటకు ముందే జన్యు సలహాదారును అడుగుడు. ఈ కోవలోనే ఇంతకంటె తరచుగా కనిపించు మరియొక వ్యాధిని నవజాత శిశువు మడమ నుండి తీసిన రక్తపు చుక్కతో పసిగట్టవచ్చును.

మరియొక మాట. ఉబ్బసమునకో, కీళ్ళనొప్పులకో చిరకాలము స్టిరాయిడ్ మాత్రలు వాడినవారు వానిని హఠాత్తుగా మానరాదు. అన్నాళ్ళు పనిలేక యున్న గ్రంథి మరల మేల్కొనుటకు వ్యవధి కావలెను. వైద్యుని సలహాతో క్రమముగా తగ్గింపవలెను.

మన భాష నిలుచుటకై సంబంధములను నిలుపుకొంటిమి. ఆ సంబంధములలో పుట్టు పసికందులను నిలుపుకొనుటయు మన ధర్మమే.