తులసీదళము - తీర్థము, ఔషధము



తులసిని గూర్చి నేడు లోకమున రెండు మాటలు వినబడుచున్నవి. "తులసిలో క్రిములను చంపు గుణమున్నది, అందువలననే పెద్దలు పూజింపుమన్నారు" అని కొందరందురు. "నిత్యము తులసితీర్థము పుచ్చుకొనుచున్నాము, ఇక మాకు మందులేల?" అని మరికొందరందురు. మొదటివారు పూజను మందుగా మార్చిరి. రెండవవారు మందును పూజతో సరిపెట్టిరి. ఈ రెండింటిని వేరుచేసి చూచుటయే నేటి మా ప్రసంగవిషయము.

ముందుగా శాస్త్రము. ఆయుర్వేదమున తులసికి సురస యని పేరు. సుశ్రుతసంహితలో సురసాదిగణమని ఓషధుల సముదాయము ఒకటి చెప్పబడినది. అది కఫమును, క్రిములను హరించుననియు, పడిసెము, దగ్గు, ఉబ్బసము, అరుచి మున్నగువానిని పోగొట్టుననియు, వ్రణములను శుద్ధి చేయుననియు అందు కలదు. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశమున తులసిని పుష్పవర్గములో చేర్చి, సులభ, గ్రామ్య, బహుమంజరి, భూతఘ్ని మొదలగు పేర్లను చెప్పినాడు. తెల్లనిదైనను నల్లనిదైనను గుణములు సమానమేయని కూడ ఆయన స్పష్టపరచినాడు. కావున మన యింట నున్నది లక్ష్మీతులసియా, కృష్ణతులసియా యను చింత అవసరము లేదు.

ఇక ఆధునికుల పరిశోధన. మేము పాఠశాలలో అభ్యసించినది వేదము; రసాయనశాస్త్రము కాదు. తెలిసినవారి వలన గ్రహించినంతవరకే మనవి చేయుచున్నాము. వృక్షశాస్త్రజ్ఞులు పూర్వము ఈ మొక్కకు ఓసిమమ్ సాంక్టమ్ అని పేరిడిరి. సాంక్టమ్ అనగా లాటిను భాషలో పవిత్రమైనదని అర్థము. ఇప్పుడు ఓసిమమ్ టెన్యుఫ్లోరమ్ అను నామమే వ్యవహారమున నున్నది. ఆకును నలిపినపుడు వచ్చు ఘాటైన పరిమళమునకు ముఖ్యకారణములలో యూజినాల్ అను తైలద్రవ్యము ఒకటి. లవంగతైలములోను ప్రధానద్రవ్యమిదియే. బాక్టీరియా యనబడు సూక్ష్మక్రిముల శరీరమును చుట్టియుండు పలుచని పొరను ఇది దెబ్బతీయును. పొర చెడినచో క్రిమి నిలువజాలదు. గడ్డలు మొదలగువానికి కారణమగు స్టాఫిలోకాకస్ వంటి క్రిములపై తులసితైలము పనిచేయుట ప్రయోగశాలలలో కనబడినది.

రెండవ గుణమును యాంటీ ఆక్సిడెంట్ అందురు. వంకాయను కోసి గాలికుంచినచో కొంతసేపటికి నల్లబడును. ఇనుము గాలికి, తేమకు తుప్పు పట్టును. ఇవి ప్రాణవాయువు సోకుటచే కలుగు మార్పులు. మన దేహమునందును ఆహారము శక్తిగా మారునపుడు, పొగ మొదలగునవి లోనికి పోయినపుడు, నిలకడలేని కణములు కొన్ని పుట్టి పొరుగు కణములను చెరుపును. వానిని శాంతింపజేయు ఏర్పాటు దేహములోనే కలదు. తులసిలోని రోస్మరినిక్ ఆమ్లము, ఓరియెంటిన్, విసెనిన్ అను పదార్థములకును అట్టి శక్తి కలదని తేలినది. మణిపాల్‌లో ఎలుకలపై జరిపిన పరిశోధనలలో తులసిసారము రేడియేషను వలని హానిని తగ్గించినట్లు కనుగొనిరి.

ఇచ్చట ఒక్కక్షణము ఆగి వివేచింపవలెను. ప్రయోగశాలలో గాజుపళ్లెమున క్రిమిపై వేయునది గాఢమైన తైలము, లేదా సారము. మనము తీర్థములో వేయునది రెండు దళములు. ఎలుక వేరు, మనుష్యుడు వేరు. మనుష్యులపై జరిగిన పరీక్షలును కొన్ని కలవు. 2014లో ప్రచురింపబడిన ఒక పరీక్షలో, తులసిసారముతో నోరు పుక్కిలించినవారికి పంటిపాచి, చిగుళ్లవాపు తగ్గుటలో దంతవైద్యులు వాడు మందుతో సమానమైన ఫలితము కలిగినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని చిగుళ్లకు మేలుచేసినది క్షయను కుదుర్చునని తలచుట సాహసము. క్షయరోగికి సాధారణముగా ఆరునెలలు విడువక మందులిత్తురు. నడుమ మానినచో క్రిములు ఆ మందులకు లొంగక మొండిబారును. ఇంటిల్లిపాదికిని ముప్పు కలుగును. మధుమేహమునకు మందులు వాడువారు, రక్తము గడ్డకట్టకుండ మందులు పుచ్చుకొనువారు, గర్భవతులు, శస్త్రచికిత్సకు సిద్ధమగువారు తులసికషాయమును గాని మాత్రలను గాని నిత్యము సేవింపదలచినచో వైద్యునికి తప్పక చెప్పవలెను. యుక్తితో వాడిన విషమైనను ఔషధమగును, యుక్తి తప్పిన ఔషధమైనను విషమగునని చరకుడే బోధించినాడు గదా!

అర్చకస్వాములకును ఒక మనవి. దళములు వేసినంతమాత్రమున కలుషితజలము శుద్ధము కాదు. తీర్థమునకు మంచినీటినే గ్రహింపవలెను. పాత్రను ప్రతిదినము తోమవలెను. దళములను కడిగి వేయవలెను. భక్తుడు విశ్వాసముతో చేయి చాచుచున్నాడు. ఆ చేతిలో పడు నీటికి మనమే బాధ్యులము.

అట్లయిన తులసిని పూజించుట దేనికి? తులాభారకథను స్మరింపుడు. సత్యభామ నగలన్నియు వేసినను స్వామి కూర్చున్న తట్ట కదలలేదు. రుక్మిణీదేవి భక్తితో ఉంచిన ఒక్క తులసీదళమునకు తూగినాడు. అచ్చట తూగినది ఆకులోని తైలమా? కాదు, అమ్మవారి సమర్పణబుద్ధి. రేపు తులసిలో నూరు గుణములు బయటపడినను పూజకు కొత్తగా వచ్చు గౌరవము లేదు. ఏదేని ఒక గుణము నిలువకపోయినను పూజకు లోటు లేదు. ఔషధగుణమును పరీక్షించుట వైద్యుల పని. భక్తితో నీరుపోయుట మన పని.

కావున ప్రతి గృహమున ఒక తులసిమొక్కను పెంచుడు. ఉదయమున నీరు పోయుడు, సాయంకాలమున దీపముంచుడు. ద్వాదశినాడును, రాత్రివేళను దళములు కోయకుడు. కోయునపుడు కొమ్మ విరువకుడు. పడిసెము పట్టినపుడు తులసికషాయము త్రాగుడు. జ్వరము తగ్గకున్నను, ఆయాసము కలిగినను జాగు చేయక వైద్యుని కడకేగుడు. వైద్యుని హస్తమునందును శ్రీమన్నారాయణుని అనుగ్రహమే పనిచేయునని నమ్ముడు.

స్వస్తి.