వంటింట్లో కూర్చుని చేసే వైద్యం

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



వంటింటి వైద్యం అనగానే మీకు శొంఠీ, మిరియాలూ, వాముకషాయమూ గుర్తుకు వచ్చి వుంటాయి. ఈవేళ నేను చెప్పబోయేది ఆ వైద్యం గురించి కాదు సుమండీ. తల్లికీ పసిబిడ్డకూ మధ్య వుండవలసిన లంకె యెక్కడైనా సడలిపోతూంటే, ఆ యింటికే వెళ్ళి, ఆ వంటింట్లోనే కూర్చుని, దాన్ని మళ్ళీ బిగించే పని ఒకటి వున్నది. పసివారి మానసిక ఆరోగ్యం అని దానికి పేరు. ఆ పని చేసేవాళ్ళు యెవరు, వాళ్ళకు కావలసిన చదువేమిటి, వాళ్ళను తీర్చిదిద్దేదెవరు అన్నది ఈనాటి విషయం.

పాలు తాగే పసిగుడ్డుకు మనసేమిటి, దానికి వైద్యమేమిటి అని నవ్వుకునేవారు వుంటారు. మన పెద్దవాళ్ళు మాత్రం నవ్వేవారు కారు. బిడ్డ ఉలికులికి పడుతూంటే, పాలు ముట్టకపోతే, ఒంట్లో జ్వరం లేదని తేలాక, "దిష్టి తగిలిందే" అని ఉప్పూ యెండుమిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో పడేసేవారు. దిష్టి సంగతి యెలా వున్నా, బిడ్డకు ఒంట్లో కాక మరెక్కడో బాధగా వున్నదన్న గ్రహింపు అందులో వున్నది గదా. ఆ పైన యేం చెయ్యాలో తెలియలేదు, అంతే.

తెలుసుకుందామని పట్టుబట్టిన వారిలో అమెరికాలో సెల్మా ఫ్రైబర్గ్ అనే ఆవిడ ముఖ్యురాలు. 1918లో డెట్రాయిట్ నగరంలో పుట్టింది. పిల్లల డాక్టరు కాదు, సోషల్ వర్కరు. 1959లో పసితనాన్ని గురించి 'ది మేజిక్ ఇయర్స్' అనే పుస్తకం రాసి అక్కడి తల్లులందరికీ చేరువైంది. అయితే నాకు ఆవిడమీద గౌరవం కలిగించింది ఆ పుస్తకం కాదు. పుట్టు గుడ్డి పిల్లలతో ఆవిడ చేసిన పని.

ఒకసారి ఊహించి చూడండి. మీరు ఉయ్యాలమీదికి వంగి, "నా బంగారూ" అని పిలిచారు. చూపున్న బిడ్డయితే మీ ముఖం చూసి నోరంతా తెరచి నవ్వుతాడు. మీ అలసట తీరిపోతుంది. చూపులేని బిడ్డ యేం చేస్తాడు? తల తిప్పడు. ముఖంలో మార్పు వుండదు. కదలకుండా వుండిపోతాడు. నిజానికి వాడు ఒళ్ళంతా చెవి చేసుకుని మీ గొంతు వింటున్నాడు. కానీ మీకు ఆ సంగతి తెలియదు. వీడికి నేనంటే యిష్టం లేదు కాబోలు అనుకుంటారు. నాలుగుసార్లు పిలిచి, అయిదోసారి పిలవడం మానేస్తారు. అక్కడే లంకె సడలిపోతుంది, యెవరి తప్పూ లేకుండానే.

ఫ్రైబర్గూ, ఆవిడతో పనిచేసేవాళ్ళూ అలాంటి పిల్లల యిళ్ళకు పదేపదే వెళ్ళి, ఫిల్ములు తీసి, వాటిని మళ్ళీమళ్ళీ వేసుకుని చూసేవారు. వాళ్ళు కూడా మొదట్లో మనలాగే బిడ్డ ముఖమే చూశారు. ముఖంలో యేమీ దొరకలేదు. తరవాత చేతులు చూశారు. చేతుల్లో అంతా వున్నది! అమ్మ గొంతు వినబడగానే వేళ్ళు కదలుతున్నాయి. బొమ్మ జారిపోతే ముఖం మామూలుగానే వున్నది గాని వేళ్ళు దానికోసం వెతుక్కుంటున్నాయి. ఆ సంగతి తల్లికి చూపించారు. "ముఖం చూడకండి, చేతులు చూడండి" అన్నారన్నమాట. బిడ్డ తనను పోల్చుకుంటున్నాడని తెలిశాక ఆ తల్లి మాటలు మానేస్తుందా? ఒళ్ళో యెగరవేస్తుంది, చక్కిలిగింతలు పెడుతుంది, బిడ్డ నవ్వుతాడు.

ఇంకొక సంగతి. కంటికి కనబడే గిలక్కాయకోసం బిడ్డ అయిదో నెల వచ్చేసరికి చెయ్యి చాస్తాడు. చూపులేని బిడ్డ గిలక్కాయ చప్పుడుకోసం చెయ్యి చాచడానికి యేడాది దగ్గర పడవలసి వస్తుంది. అందాకా పాకడు కూడాను, యెందుకోసం పాకుతాడు పాపం! ఈ తేడా తెలియనివాళ్ళు అలాంటి పిల్లలకు బుద్ధిమాంద్యమని పేరు పెట్టి పక్కన కూర్చోబెట్టేవారు. తెలిసిన మనిషి వేళకు వచ్చిందా లేదా అన్నదానిమీద ఒక జీవితం యెటు పోయేదీ ఆధారపడి వుంటుందంటే అతిశయోక్తి కాదు.

ఆ తరవాత 1972లో మిచిగన్ రాష్ట్రంలో ఆన్ ఆర్బర్ అనే ఊళ్ళో, విశ్వవిద్యాలయం తరపున, చూపున్న పిల్లలకోసమూ ఒక కేంద్రం మొదలుపెట్టింది. పిల్లలను అక్కడికి తీసుకు రమ్మనడం కంటె తామే యిళ్ళకు వెళ్ళడం వాళ్ళ పద్ధతి. తల్లి గిన్నెలు కడుక్కుంటూ, బిడ్డకు పాలు పడుతూ మాట్లాడేది, వీళ్ళు వినేవారు. అందుకని దానికి 'కిచెన్ థెరపీ' అనే పేరే పడిపోయింది.

1975లో ఫ్రైబర్గూ, ఆవిడ తోటివారూ ప్రకటించిన వ్యాసంలో అలాంటి యిల్లు ఒకటి కనిపిస్తుంది. అయిదున్నర నెలల పాప. గుక్క పట్టి యేడుస్తున్నది. తల్లి పక్కనే వున్నా ఆ యేడుపు ఆమె చెవిని పడుతున్నట్టు లేదు. అంతకు కొన్ని వారాల ముందు బిడ్డను యెవరికైనా పెంపుకు యిచ్చేస్తానన్నదట కూడా. ఇలాంటి తల్లిని మనం యేమంటాం? రాతిగుండె అంటాం. వాళ్ళు ఆ మాట అనలేదు. ఈమెకు బిడ్డ యేడుపు యెందుకు వినబడడం లేదు అని ఆలోచించారు. ఆమెను కన్నతల్లి ఆమెను పెంచే స్థితిలో లేక, ఆమె బంధువుల చేతుల్లో పెరిగింది. తన చిన్నతనంలో తన యేడుపు యెవరూ వినలేదు. వచ్చిన మనిషి దగ్గర ఆమె కొంచెం కొంచెంగా అదంతా చెప్పుకుని యేడ్చింది. చెప్పుకుంటున్న ఆ రోజుల్లోనే, యెవరూ చెప్పకుండానే, బిడ్డను గుండెలకు పొదువుకోవడం మొదలుపెట్టింది. ఆ వ్యాసానికి ఫ్రైబర్గు పెట్టిన పేరుకు 'పసివాడి గదిలో దయ్యాలు' అని అర్థం. పిలవని పేరంటానికి వచ్చినట్టు, తల్లిదండ్రుల పాతబాధలు వచ్చి ఉయ్యాల దగ్గర కూర్చుంటాయిట. మన దిష్టిమాటకు ఇది దూరపు చుట్టమేమో అనిపించింది నాకు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ యింటికి మీరో నేనో వెళ్ళి వుంటే యేం చేసేవాళ్ళం? "అదేమిటమ్మా, బిడ్డ అలా గుక్క పెడుతూంటే మొద్దులా కూర్చున్నావు!" అని గభాలున వెళ్ళి బిడ్డను యెత్తుకుని వుండేవాళ్ళం. బిడ్డ ఊరుకునేది. మనం పుణ్యం చేశామనుకుంటూ యింటికి వచ్చేవాళ్ళం. ఆ తల్లికి మాత్రం, నా బిడ్డను ఊరుకోబెట్టడం నాకు తప్ప అందరికీ వచ్చు అన్న మాట మనసులో నాటుకుపోయేది. జాలిగుండె వుంటే చాలదు. యెత్తుకోవాలని చేతులు లాగుతున్నా ఆపుకుని, తల్లిచేత యెత్తించే ఓర్పు కావాలి. శిక్షణ అంటే అది.

మా మేడమీద వాటాలో ఒక పిన్నిగారు వున్నారు. వారి కోడలు పురుడు పోసుకున్నాక మనిషి మారిపోయింది. బిడ్డకు వేళకు పాలు పట్టేది, స్నానం చేయించేది, కానీ వాడి ముఖం చూసేది కాదు. పిన్నిగారు దానికి పెట్టిన పేరు పొగరు. డాక్టరమ్మ చూసి, కాన్పు తరవాత కొందరికి మనసు కుంగిపోతుంది, ఇది జబ్బేనని మందు రాసి యిచ్చింది. వారానికి ఒకమారు ఒక అమ్మాయిని యింటికి పంపే యేర్పాటూ చేసింది. నెల తిరిగేసరికి పిన్నిగారు మా యింటికి వచ్చి, "చూశావుటే అమ్మాయీ, ఇంతోటిదానికి చదువు కూడానా! వస్తుంది, చాపమీద కూర్చుంటుంది, కాఫీ తాగుతుంది, వెళ్ళిపోతుంది. పిల్లవాణ్ణి ఒక్కనాడు యెత్తుకున్న పాపాన పోలేదు" అని ఒకటే సణుగుడు.

తరవాత కోడలే చెప్పింది నాకు. ఒకరోజు ఆ అమ్మాయి, "మీరు లేచి వంటింట్లోకి వెళితే బాబు చూపు మీ వెనకాలే వస్తోందండీ, గమనించారా?" అన్నదట. "నాకోసమా?" అన్నదట యీ పిల్ల. మళ్ళీ లేచి వెళ్ళి, గుమ్మంలోనుంచి వెనక్కి తిరిగి చూసిందట. మందు పనిచేసిందో, మాట పనిచేసిందో నేను విడదీసి చెప్పలేను, రెండూ కావలసినవే. పిన్నిగారు మాత్రం ఆ అమ్మాయికి యే పనీ రాదనే యీనాటికీ అంటారు.

మరి అలా వారం వారం నలుగురి దుఃఖం విని వచ్చే ఆ అమ్మాయి మాట యెవరు వినాలి? ఫ్రైబర్గు వెనకటివాళ్ళు ఈ ప్రశ్నను తేలికగా తీసుకోలేదు. పనిలోకి దిగిన ప్రతి మనిషికీ అనుభవం వున్న ఒక పెద్ద వుండాలి. క్రమం తప్పకుండా ఆవిడ దగ్గర కూర్చుని, ఏ యింట్లో యేం చూసింది, యెక్కడ కోపం వచ్చింది, యెక్కడ తన చిన్నతనం గుర్తుకు వచ్చి గొంతు పూడుకుపోయింది, అన్నీ చెప్పుకోవాలి. రిజిస్టర్ల తనిఖీ వేరు, ఇది వేరు. తల్లిని యెలా వినాలో, తనను యెవరో అలా విన్నప్పుడే తెలుస్తుంది. 1977లో మిచిగన్‌లో ఈ పనివాళ్ళంతా ఒక సంఘంగా యేర్పడ్డారు. 2002లో ఆ సంఘం యోగ్యతాపత్రాల పద్ధతి పెట్టింది. అందులో మెట్లు వున్నాయి. కిందిమెట్టు మీద పిల్లల్ని చూసుకునే ఆయాలాంటి మనిషికీ చోటున్నది; పైమెట్టు మీద వుండేవాళ్ళు తోటివారికి నేర్పేవాళ్ళూ, వాళ్ళ మాట వినేవాళ్ళూ. నాయకత్వమంటే అక్కడ అర్థం అదే. తరవాత చాలా రాష్ట్రాలు ఆ పద్ధతినే తీసుకున్నాయి.

ఫ్రైబర్గు 1979లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి అక్కడి ఆసుపత్రిలో మరో కేంద్రం పెట్టింది. రెండేళ్ళు గడిచాయో లేదో, 1981లో కన్నుమూసింది. కేంద్రం మూతపడలేదు. ఆవిడతో మిచిగన్‌లో పనిచేసిన జెరీ పాల్ దాన్ని అందుకుని నడిపింది. 1986లో అమెరికా ప్రభుత్వం, పుట్టిన నాటినుంచి మూడేళ్ళ లోపు వున్న, యెదుగుదలలో వెనకబడిన పిల్లలకు సహాయం అందాలని చట్టం చేసింది. అందులో బిడ్డకే కాక కుటుంబం మొత్తానికీ కలిపి ప్రణాళిక రాయాలి.

మన దగ్గర సంగతి చూద్దాం. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో అంగన్‌వాడీలు మొదలయ్యాయి. ఇప్పుడు అంగన్‌వాడీ లేని ఊరు వెతుక్కోవాలి. సికింద్రాబాదులో 1984లో బుద్ధిమాంద్యం వున్న పిల్లలకోసం జాతీయ సంస్థ వెలిసింది; 2021లో దానిలో పసిపిల్లలకోసమే ఒక కేంద్రాన్ని తెరిచారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, పుట్టుకతో వచ్చే లోపాలనూ, యెదుగుదలలో ఆలస్యాన్నీ కనిపెట్టి, జిల్లా స్థాయిలో వున్న సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. వాటిని డైక్ అంటూంటారు. 2024లో, పుట్టిన నాటినుంచి మూడేళ్ళ దాకా బిడ్డతో యింట్లో యెలా ఆడాలి, యెలా మాట్లాడాలి అని నేర్పే 'నవచేతన' అనే ప్రణాళికను కేంద్ర ప్రభుత్వం వెలువరించింది.

ఇవన్నీ మంచివే. అయినా నా మనసులో ఒక కొరత వున్నది, చెప్పకపోతే వుండబట్టదు. అంగన్‌వాడీ అమ్మాయికి బిడ్డను తూచడం నేర్పాం, గుడ్లు లెక్కపెట్టడం నేర్పాం, ఫోనులో అంకెలు యెక్కించడం నేర్పాం. పైనుంచి వచ్చిన సూపర్‌వైజరు అడిగేవీ ఆ అంకెలే. "ఆ మూడో యింట్లో తల్లి యెలా వుంది? ఆమెను చూస్తే నీకేమనిపించింది?" అని అడిగేవాళ్ళు వుంటే కదా, ఆ అమ్మాయి మూడో యింట్లో కాసేపు కూర్చునేది!

నా చదువు పదో తరగతితో ఆగింది. పెద్ద పథకాలు వెయ్యడం నా వల్ల కాదు. కాని మీ యింట్లోనో, పక్కింట్లోనో యేడాది నిండుతున్నా పిలిస్తే పలకని, కంట్లో కన్ను పెట్టి చూడని బిడ్డ వుంటే, "వాళ్ళ నాన్నకూ మాటలు నాలుగేళ్ళకే వచ్చాయిలెద్దూ" అని ఊరుకోకండి. పిల్లల డాక్టరుకు చూపించండి, లేదా జిల్లా ఆసుపత్రిలో డైక్ యెక్కడని అడగండి. అక్కడ డబ్బు తీసుకోరు.

మీ అమ్మాయి ఇంటరో, డిగ్రీనో అయి యేదైనా పని నేర్చుకుంటానంటే ఈ పని సంగతీ చెవిన వెయ్యండి. ప్రత్యేక విద్యలోనూ, యిలాంటి సేవల్లోనూ శిక్షణలకు గుర్తింపు యిచ్చేది భారత పునరావాస మండలి. 1992 చట్టంతో యేర్పడింది. ఫీజు కట్టేముందు ఆ గుర్తింపు వున్నదో లేదో చూసుకోండి. యిళ్ళకు తీసుకువెళ్ళి నేర్పుతారా, గదిలో కూర్చోబెట్టి పుస్తకాలే చదివిస్తారా అని అడగండి. యిళ్ళకు వెళ్ళివచ్చిన సాయంత్రం ఆ పిల్లలు చెప్పేది కూర్చుని వినే మనిషి అక్కడ యెవరు అని కూడా అడగండి.